చెంచాలపై చెక్కిన చరిత్ర

1949వ సంవత్సరంలో అమెరికాలోని బోస్టను నగరపు బడిపిల్లలు ఒక వెండిగిన్నె కొనడానికి చందాలు ఇచ్చినారు. పిల్లలవీ, సామాన్య పౌరులవీ కలిసి అటువంటి చందాలు ఏడువందల వరకు వచ్చినవి. ఆ గిన్నె బోస్టను లలితకళా ప్రదర్శనశాలకు చేరినది. దానిని ‘స్వేచ్ఛాపుత్రుల గిన్నె’ అంటారు. చేసినవాడు పాల్ రివియర్ అనే వెండిపనివాడు. చేసిన సంవత్సరం 1768. అప్పటికింకా అమెరికా అనే స్వతంత్ర దేశమే లేదు.

ఆ గిన్నె వెనుక ఒక రాజకీయ వివాదం ఉన్నది. 1767లో బ్రిటిషు పార్లమెంటు అమెరికా వలసలలో దిగుమతి అయ్యే తేయాకుపైన, కాగితంపైన, గాజుపైన సుంకాలు విధించినది. మాసచుసెట్సు శాసనసభ దీనిని నిరసిస్తూ తక్కిన వలసలకు లేఖ వ్రాసినది. ఆ లేఖను ఉపసంహరించుకొమ్మని రాజాజ్ఞ వచ్చినప్పుడు 92 మంది సభ్యులు ససేమిరా అన్నారు. ఆ 92 మందిని కొనియాడడానికి 15 మంది దేశభక్తులు ఈ గిన్నె చేయించినారు. వారి పేర్లు దాని అంచు చుట్టూ చెక్కి ఉన్నవి. గిన్నె బరువు 45 ఔన్సులు. అందులో పట్టే పానీయం 45 ‘గిల్లు’లు, గిల్లు అంటే ఆనాటి ఒక చిన్న కొలత. 45 అనే అంకెకు ఒక అర్థమున్నది. లండనులో జాన్ విల్క్సు అనే పత్రికాకర్త ప్రభుత్వాన్ని విమర్శించి చెరసాల పాలైనది తన పత్రిక 45వ సంచిక కారణంగానే. ఆ గిన్నెపై వ్రాతే కాక బరువు కూడ మాట్లాడుతుందన్న మాట.

ఇటువంటి గిన్నె దేశానికి ఒక్కటే ఉంటుంది. అద్దం ఇవతల నిలబడి చూడవలసినదే. కాని పాల్ రివియర్ వంటి కంసాలులు నిత్యం చేసిన పని గిన్నెలు కాదు, చెంచాలు. టీపాత్రలు, పానపాత్రలు ధనికుల బల్లలకే పరిమితమైనవి. అరడజను వెండి చెంచాలు మాత్రం మధ్యతరగతి గృహస్థు కూడ తన జీవితకాలంలో సంపాదించుకోగలిగేవాడు. అందుచేతనే అమెరికాలో పాతకాలపు వెండిసామాను సేకరించేవారు సాధారణంగా చెంచాతోనే ఆరంభిస్తారు. అరచేతిలో ఇమిడే ఆ వస్తువుపై రెండుమూడు అక్షరాలు, ఒక ముద్ర, కొంత అరుగుదల ఉంటాయి. వాటిని చదవడం నేర్చినవారికి అందులో ఒక కుటుంబపు కథ, ఒక వృత్తి కథ, కొంతమేరకు ఒక దేశపు కథ కూడ కనిపిస్తుంది.

నాణెం చెంచాగా మారిన విధము

పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో ఉత్తర అమెరికాలోని ఆంగ్ల వలసలకు చెప్పుకోదగిన వెండి గనులు లేవు. వారికి వెండి వచ్చినది నాణెముల రూపంలో. వెస్టిండీసు దీవులతో చేపలు, కలప, ధాన్యం వర్తకం చేసినందుకు ప్రతిఫలంగా స్పానిషు వెండి డాలర్లు బోస్టను, న్యూయార్కు, ఫిలడెల్ఫియా రేవులకు చేరేవి. ఆ నాణెముల వెండి మెక్సికోలోను, నేటి బొలీవియాలో ఉన్న పోటోసీ కొండలోను తవ్వినది. పోటోసీ గని 1545లో బయటపడినది. అక్కడ స్పెయిను పాలకులు స్థానిక ఆదివాసులను వంతులవారీగా వెట్టికి తెచ్చి గనిలోకి దింపేవారు. బోస్టనులో ఒక గృహిణి తన టీ కలుపుకొన్న చెంచాలో ఆ కొండల చెమట కూడ కలిసి ఉన్నదని చెబితే అతిశయోక్తి కాదు.

నాణెములను చెంచాలుగా ఎందుకు మార్చుకొన్నారు? ఆ వలసలలో బాంకులు లేవు. ఫిలడెల్ఫియాలో ‘బాంక్ ఆఫ్ నార్త్ అమెరికా’ పని ప్రారంభించినది 1782లో. అంతవరకు డబ్బు దాచుకొనేవారు ఇంట్లోనే దాచుకోవాలి. నాణెముల సంచి దొంగ చేతికి చిక్కితే ఆ నాణెములు ఎవరివో చెప్పగలవారెవరు? ఒక డాలరు మరొక డాలరు వలెనే ఉంటుంది. అవే నాణెములను కంసాలికి ఇచ్చి చెంచాలు చేయించి, వాటిపై ఇంటివారి అక్షరాలు చెక్కించుకొంటే అవి గుర్తుపట్టదగిన ఆస్తి అవుతాయి. దొంగతనం జరిగినప్పుడు పత్రికలలో ప్రకటనలు వేసేవారు: ఫలానా అక్షరాలు, ఫలానా పనివాని ముద్ర గల చెంచాలు ఎవరైనా అమ్మజూపితే పట్టుకొనవలసినదని. కష్టకాలంలో మళ్ళీ కరగించి నాణెముల వలె వాడుకోవడానికీ వీలున్నది. మన ఇళ్ళలో ఇత్తడి బిందెలపైన, కంచుగిన్నెలపైన పేర్లు కొట్టించుకోవడంలో ఉన్న లోకజ్ఞానమే ఇది.

ఆ అక్షరాలకొక పద్ధతి ఉన్నది. మూడు అక్షరాలు త్రికోణంగా ఉంటే పైనున్నది ఇంటిపేరు. క్రింద ఎడమప్రక్క భర్త పేరులోని మొదటి అక్షరం, కుడిప్రక్క భార్య పేరులోనిది. అవివాహితగా ఉన్నప్పుడు కానుకగా వచ్చిన చెంచాలపై మాత్రం ఆమె పుట్టింటి పేరు అక్షరమే ఉంటుంది. ఆనాటి ఆంగ్ల న్యాయం ప్రకారం పెళ్ళయిన స్త్రీ చరాస్తి అంతా భర్తదే. చట్టం దృష్టిలో ఆమెకు వేరే ఆస్తి లేదు. అయినా ఆ చెంచాలు తల్లి నుండి కూతురికి, కూతురి నుండి మనుమరాలికి చేరినవి. చట్టం చెరిపివేసిన పుట్టింటి పేరు చెంచా కాడపై చెరగక నిలిచినది. స్త్రీల చరిత్ర వ్రాసేవారికి ఇటువంటి సాక్ష్యాలు అమూల్యమైనవి; ఎందుకంటే దస్తావేజులలో ఆ స్త్రీలు తరచుగా ఫలానావారి భార్య అని మాత్రమే కనిపిస్తారు.

చెంచా పుట్టుకతోను, చావుతోను కూడ ముడిపడినది. శిశువు జ్ఞానస్నానానికి వెండి చెంచా కానుక ఇచ్చేవారు. మన ఉగ్గుగిన్నె వంటిదే ఆ కానుక. న్యూయార్కు ప్రాంతపు డచ్చి కుటుంబాలలో శవపేటిక మోసినవారికి మృతుని పేరు చెక్కిన చెంచా ఇచ్చే ఆచారం కూడ ఉండేది.

ముద్రలు, వాటి మర్మములు

ఇంగ్లండులో వెండి వన్నెను పరీక్షించే పద్ధతి 1300 సంవత్సరపు శాసనం నుండి ఉన్నది. లండను స్వర్ణకార సంఘం పరీక్షించి చిరుతపులి తల ముద్ర వేసేది. 1478 నుండి సంవత్సరానికొక అక్షరం కూడ వేస్తున్నారు. అందువలన ఇంగ్లీషు చెంచా ఏ యేట చేసినదో ముద్ర చూచి చెప్పవచ్చును. అమెరికాలో అటువంటి ఏర్పాటు లేదు. ఒక్క బాల్టిమోరు నగరంలో మాత్రం మేరీలాండు శాసనం ప్రకారం 1814 నుండి 1830 వరకు పరీక్షాధికారి ఉండి సంవత్సరాక్షరముతో ముద్ర వేయించినాడు. తక్కిన చోట్ల ముద్ర అంటే కంసాలి తన పేరు, లేదా పేరులోని అక్షరాలు మాత్రమే. ఆ పేరే పూచీ. ఊరంతా ఎరిగిన మనిషి కల్తీ చేస్తే ఊరిలో నిలువలేడు.

వన్నె మాటకు వస్తే, ఇంగ్లీషువారి ‘స్టెర్లింగు’ వెండిలో వెయ్యికి 925 పాళ్ళు స్వచ్ఛమైన వెండి, మిగిలినది సాధారణంగా రాగి. అమెరికా నాణెములలో 1792 నాటి చట్టం ప్రకారం సుమారు 892 పాళ్ళు, 1837 తరువాత 900 పాళ్ళు ఉండేది. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధంలో చెంచాలపై కనిపించే ‘కాయిన్’, ‘ప్యూర్ కాయిన్’, ‘డాలర్’ అనే ముద్రలకు అర్థం ఇదే: నాణెమంత వన్నె గలది అని. న్యూయార్కులోని టిఫనీ సంస్థ 1851లోను, ప్రావిడెన్సులోని గోర్హం సంస్థ 1868లోను స్టెర్లింగు వన్నెను చేపట్టినవి. 1906లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చి, 925 పాళ్ళు లేని వస్తువుపై స్టెర్లింగు అనీ, 900 పాళ్ళు లేని దానిపై కాయిన్ అనీ ముద్ర వేయడం నేరమైనది.

ముద్రలు కొత్తవారిని మోసగించే తావులు కూడ ఉన్నవి. న్యూయార్కు మొదలైన చోట్ల కొందరు కంసాలులు తమ పేరు ప్రక్కన సింహం, మనిషి తల వంటి బొమ్మలు వేసి ఇంగ్లీషు ముద్రల భ్రాంతి కల్పించినారు. వాటి వెనుక ఏ పరీక్షా లేదు. చాలా చెంచాలపై ఉన్న పేరు చేసినవానిది కాదు, అమ్మిన దుకాణదారుది. అన్నింటికంటె ఎక్కువమందిని తికమకపెట్టేది ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అనే ముద్ర. ఆ అంకె చూచి చెంచా 1847 నాటిదని మురిసిపోయినవారెందరో. అది హార్ట్‌ఫర్డు నగరంలో రోజర్సు సోదరులు వెండిపూత సామాను అమ్మకం మొదలుపెట్టిన సంవత్సరం. ఆ అంకె వ్యాపార చిహ్నంలో భాగమై ఇరవయ్యవ శతాబ్దంలో చేసిన చెంచాలపై కూడ నిలిచినది. పైగా అది పూత మాత్రమే, లోపలిది వేరే లోహం. ‘జర్మన్ సిల్వరు’ సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. రాగి, నికెలు, తుత్తునాగముల ఆ మిశ్రమంలో పేరుకు తప్ప వెండి లేదు.

ముద్ర అరిగిపోయినా ఆకృతి కాలాన్ని చెబుతుంది. 1690 ప్రాంతపు చెంచా కాడ కొస మూడు పాయలుగా చీలి ఉంటుంది. గుంట వెనుక భాగంలో ఎలుకతోక వంటి సన్నని ఊత ఒకటి కాడ నుండి దిగుతుంది. పద్దెనిమిదవ శతాబ్దపు మొదటి భాగంలో కాడ కొస గుండ్రనై పైకి వంగినది. ఆ శతాబ్దపు మధ్యభాగం దాటిన తరువాత అదే కొస క్రిందికి వంగినది. 1780 తరువాత కొస మొనదేలి, దానిపై మెరిసే సన్నని నగిషీ గీతలు వచ్చినవి. 1800 తరువాత కొంతకాలం శవపేటిక ఆకారపు కొస వాడుకలో ఉన్నది. ఆపైన ఫిడేలు ఆకారం వచ్చి అంతర్యుద్ధ కాలం వరకు నిలిచినది. 1820, 30 దశాబ్దాల ఫిడేలు చెంచాలపై పూలబుట్ట, గోధుమపన బొమ్మలు తరచుగా కనిపిస్తాయి.

చేసినవారు

చెంచా చేయడం చూడడానికి చిన్నపనే. కరగిన వెండిని కడ్డీగా పోసి, ఆ కడ్డీని దాగలిపై సాగగొట్టి, మధ్యమధ్య కాల్చి మెత్తబరచి, ఒక కొసను వెడల్పు చేసి అచ్చులో గుంటగా దించి, ఆకురాయితో అంచులు నున్నజేసి మెరుగుపెట్టాలి. కొట్టినకొద్దీ వెండి బిరుసెక్కుతుంది. కాల్చకుండ కొడితే పగులుతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడమే విద్య. శిష్యులు సాధారణంగా ఏడేండ్లు గురువు ఇంట ఉండి ఈ పని నేర్చేవారు.

బోస్టనులో జాన్ హల్, రాబర్ట్ సాండర్సన్ అనే భాగస్వాములతో ఈ వృత్తి వేళ్ళూనినది. 1652లో మాసచుసెట్సు ప్రభుత్వం హల్‌ను టంకశాలకు అధికారిగా నియమించినది. ఆయన శిష్యుడు జెరమయా డమ్మర్ అమెరికాలోనే పుట్టి పని నేర్చిన తొలి వెండిపనివారిలో ముఖ్యుడు. జాన్ కోనీ అనే మరొక బోస్టను పనివాని వద్ద అపొలో రివ్వార్ అనే ఫ్రెంచి కాందిశీక బాలుడు శిష్యరికం చేసినాడు. అతడే పేరు మార్చుకొని రివియర్ అయినాడు. పాల్ రివియర్ అతని కుమారుడు.

పాల్ రివియర్ పేరు 1775 ఏప్రిల్ 18 రాత్రి బ్రిటిషు సేన వస్తున్నదని గుర్రముపై వెళ్ళి హెచ్చరించిన వీరుడుగా అమెరికా బాలలందరికీ తెలుసు. ఆయన లెక్కల పుస్తకాలు మాసచుసెట్సు చరిత్ర పరిషత్తులో ఉన్నవి. వాటిలో వీరుడు కాక పనివాడు కనిపిస్తాడు: చెంచాలు, బొత్తాములు, బూట్ల కట్లు, ఒకరి పెంపుడు ఉడుతకు వెండి గొలుసు కూడ. గిరాకీ లేని రోజులలో ఆయన కట్టుడు పళ్ళు కూడ అమర్చినాడు. 1768లో చిత్రకారుడు కోప్లీ ఆయన చిత్రం వ్రాసినప్పుడు కోటు తొడుగుకొని పెద్దమనిషి వలె కూర్చోలేదు. చొక్కా చేతులతో, ఎదుట పనిముట్లతో, చేతిలో టీపాత్రతో కూర్చున్నాడు. పనివాడు తన పనిని దాచుకోని చిత్రమది.

ఫిలడెల్ఫియాలో ఫిలిప్ సింగ్ 1752లో పెన్సిల్వేనియా శాసనసభ కోసం ఒక వెండి సిరాబుడ్డి స్టాండు చేసినాడు. 1776లో స్వాతంత్ర్య ప్రకటనపైన, 1787లో రాజ్యాంగంపైన సంతకాలు పెట్టినవారు కలాలు ముంచినది అందులోనే. న్యూయార్కులో మయ్యర్ మయ్యర్సు అనే యూదుడు చర్చిలకు, యూదుల ప్రార్థనామందిరాలకు కూడ వెండి సామాను చేసి పేరు పొందినాడు. సెయింట్ థామస్ ద్వీపంలో పుట్టిన పీటర్ బెంట్జన్ ఆఫ్రికా సంతతివాడు. ఫిలడెల్ఫియాలో పని నేర్చి, అక్కడా సెయింట్ క్రాయి ద్వీపంలోను దుకాణం నడిపినాడు. ఆయన పేరు ముద్రతో ఉన్న వస్తువులను ప్రదర్శనశాలలు ఎంతో ఆదరంతో కాపాడుతున్నవి.

బెంట్జన్ స్వతంత్రుడు గనుక తన పేరు ముద్ర వేసుకోగలిగినాడు. చార్లెస్టను వంటి దక్షిణాది నగరాలలో బానిసలుగా ఉన్న పనివారు కూడ కంసాలి దుకాణాలలో సుత్తె పట్టినారు. వారు చేసిన చెంచాపై యజమాని ముద్రే పడినది. పాత వెండిని ప్రేమించేవారు ముద్రలను చదివినంత శ్రద్ధగా, ముద్ర లేని ఆ చేతులను కూడ తలచుకోవలసి ఉన్నది.

గనులు, యంత్రములు, విందుబల్లలు

1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి నిక్షేపం బయటపడినది. నాణెములు కరగించుకొనే దేశానికి వెండి వరద వచ్చినది. 1870 దశాబ్దంలో ధర పడిపోవడం మొదలుపెట్టినది. అప్పటికే విద్యుత్తుతో వెండి పూత పూసే పద్ధతికి ఇంగ్లండులో ఎల్కింగ్టను సంస్థ 1840లో పేటెంటు పొంది ఉన్నది. ఉక్కు అచ్చులు, ఆవిరి యంత్రాలు వచ్చి, ఒక్క దెబ్బతో చెంచా కాడకు రెండు ప్రక్కలా పూలు అచ్చు పడసాగినవి. ప్రావిడెన్సులో గోర్హం, టాంటన్‌లో రీడ్ అండ్ బార్టన్, మెరిడెన్‌లో మరికొన్ని సంస్థలు వేలకొలది సామాను తయారుచేసినవి. వీధి మలుపున కూర్చున్న కంసాలి క్రమంగా దుకాణదారుడై, ఫాక్టరీ చెంచాపై తన పేరు ముద్ర వేసి అమ్మసాగినాడు.

ధర తగ్గినప్పుడు కోరికలు పెరిగినవి. ఒక చెంచాతో తృప్తి పడిన బల్లపైకి ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క పరికరం వచ్చినది. ఐస్‌క్రీముకు ఒక ఫోర్కు, స్ట్రాబెర్రీ పండుకు ఒకటి, ఆల్చిప్పలకు ఒకటి, తాబేటి మాంసానికి ఒకటి. నారింజపండుకు మొనదేలిన చెంచా, ఊరగాయకు పొడవు ఫోర్కు, వేయించిన బంగాళదుంప రేకులకు చిల్లుల గరిటె. హెన్రీ ఫర్బర్ అనే ధనికునికి గోర్హం సంస్థ 1866 నుండి 1880 వరకు చేసి ఇచ్చిన విందుసామానులో ఎనిమిదివందలకు పైగా వస్తువులున్నవి. ఆ సామాను తరువాత రోడ్ ఐలండు డిజైను విద్యాలయపు ప్రదర్శనశాలకు చేరినది. ఏ ఫోర్కు ఎప్పుడు ఎత్తాలో తెలియడం కులీనతకు గుర్తయినది. తెలియనివాడు విందుబల్ల దగ్గర చెమటలు క్రక్కవలసినదే. చివరకు తయారీదారులకే ఇది భారమైనది. 1920 దశాబ్దపు మధ్యకాలంలో, హెర్బర్ట్ హూవరు వాణిజ్యశాఖ కార్యదర్శిగా ఉన్నప్పుడు, క్రొత్తగా తెచ్చే ఏ నమూనాలోను 55 రకాల పరికరములకు మించకూడదని నిర్ణయించుకొన్నారు. ఆ తరువాత అధ్యక్షుడైన హూవరు ఆయనే.

ఈ వరదలోనే జ్ఞాపికా చెంచాలు పుట్టినవి. 1889లో వాషింగ్టన్ నగరంలోని గాల్ట్ దుకాణం జార్జి వాషింగ్టన్ ముఖంతో ఒక చెంచా తెచ్చినది. కొద్దికాలంలోనే సేలం పట్టణపు డేనియల్ లో చీపురు పట్టిన మంత్రగత్తె బొమ్మతో చెంచా అమ్మినాడు. 1692లో అదే సేలం విచారణలలో మంత్రగత్తెలన్న నెపంతో 19 మందిని ఉరి తీసినారు. రెండువందల యేండ్లకు ఆ విషాదం పర్యాటకుల ముచ్చటగా మారడం ఆలోచించదగిన సంగతి. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో జ్ఞాపికా చెంచాలు విరివిగా అమ్ముడైనవి. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగినది ఆ ప్రదర్శన సందర్భంలోనే. తక్కువ ఖర్చుతో సేకరణ మొదలుపెట్టే విద్యార్థులకు ఈ జ్ఞాపికా చెంచాలే అనువైనవి.

సేకర్తలు, కూటకర్తలు

పాత అమెరికా వెండిని కళావస్తువుగా గుర్తించడం ఆలస్యంగా జరిగినది. 1906లో బోస్టను లలితకళా ప్రదర్శనశాల పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల అమెరికా వెండిపనివారి వస్తువులను ప్రత్యేకంగా ప్రదర్శించినది. 1909లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల కూడ అటువంటి ప్రయత్నం చేసినది. అక్కడ 1924లో అమెరికను విభాగమే వెలసినది. ఫ్రాన్సిస్ గార్వన్ తన భార్య పేరిట గొప్ప సంగ్రహాన్ని 1930లో యేల్ విశ్వవిద్యాలయానికి ఇచ్చినాడు. అల్ఫాన్సో క్లియర్‌వాటర్ అనే న్యాయమూర్తి సేకరించిన వెండి 1933లో మెట్రోపాలిటన్‌కు చేరినది. సొంత బీరువాలలో దాచుకొన్నది ప్రజల కళ్ళ ముందుకు రావడం సేకరణకు సార్థకత.

గిరాకీ ఉన్నచోట కూటకర్తలు పుట్టుకొస్తారు. రివియర్ ముద్రను దొంగముద్రగా చేసి మామూలు చెంచాలపై కొట్టినవారున్నారు. పాత చెంచాల గుంటలను కోసి ఫోర్కులుగా మార్చినవారున్నారు. పాత యజమాని అక్షరాలను అరగదీసి క్రొత్తవి చెక్కినవారున్నారు. అనుభవజ్ఞులు వీటిని పట్టుకొనే ఉపాయాలు సామాన్యమైనవే. చెంచాపై నోటి ఆవిరి ఊదితే చెరిపిన అక్షరాల నీడ క్షణకాలం తేలుతుంది. అక్షరాలు తీసిన చోట లోహం పలుచబడి వేలికి తెలుస్తుంది. మరొక గుర్తు ఇంకా హృద్యమైనది. కుడిచేతితో తినేవారి చెంచా కొస ఎడమప్రక్క అరుగుతుంది. పళ్ళెం అడుగును రాచుకొనేది ఆ ప్రక్కే. నిజంగా వందేండ్లు వాడిన చెంచా అలా వంకరగా అరిగి ఉంటుంది. దొంగముద్రలు కొట్టేవాడు ముద్రను అనుకరించగలడు గాని, నాలుగు తరాల భోజనాలను అనుకరించలేడు.

సంరక్షణకు పెద్ద శాస్త్రం అక్కరలేదు. గాలిలోని గంధక వాయువులు సోకి వెండి నల్లబడుతుంది. గ్రుడ్డులోను, రబ్బరులోను, ఉన్నిలోను గంధకమున్నది. అందుకే వెండి చెంచాలకు రబ్బరు పట్టీ చుట్టి దాచరాదు. ఉప్పు వెండిని గుంటలు పడేలా తింటుంది. ఘాటైన ద్రావకాలలో ముంచితే నగిషీ లోతులలో నిలిచిన నల్లని నీడ కూడ పోయి పని చచ్చుపడుతుంది. మన ఇళ్ళలో పెద్దలు విభూతితో తోమేవారు. ప్రదర్శనశాలలవారు సన్నని సుద్దపొడిని తడిపి మెత్తని గుడ్డతో రుద్దుతారు. అయినా తోమిన ప్రతిసారీ కొంత వెండి పోతుంది గనుక, మితంగా తోమడమే మేలు. నిత్యం వాడే చెంచా అంతగా నల్లబడదు. దాచినదే ఎక్కువగా నల్లబడుతుంది.

కొలిమి భయం

పాత వెండికి అసలైన శత్రువు దొంగ కాదు, కూటకర్త కూడ కాదు. అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది కుటుంబాలు తమ వెండిని తోటలలో పాతిపెట్టినవి. 1862లో న్యూ ఆర్లియన్సును ఆక్రమించిన జనరల్ బట్లరుకు, ఇళ్ళలో వెండి ఎత్తుకుపోయినాడన్న నిందతో, శత్రువులు ‘చెంచాల బట్లర్’ అని పేరు పెట్టినారు. అయినా పాతిపెట్టినది మళ్ళీ త్రవ్వి తీయవచ్చును. ఎత్తుకుపోయినది ఎప్పుడో ఎక్కడో బయటపడవచ్చును. కరగించినది మాత్రం తిరిగి రాదు.

1979 జనవరిలో ఔన్సు సుమారు 6 డాలర్లున్న వెండి ధర, టెక్సాసుకు చెందిన హంట్ సోదరులు భారీగా కొన్న కారణంగా, 1980 జనవరికి దాదాపు 50 డాలర్లకు ఎగబ్రాకినది. దేశమంతటా జనం అవ్వల నాటి చెంచాలు, టీపాత్రలు సంచులలో వేసుకొని కొనుగోలుదారుల ముందు వరుసలు కట్టినారు. ఎవరి ముద్ర, ఎవరి అక్షరాలు అని చూచే ఓపిక ఎవరికీ లేదు. త్రాసు ఒక్కటే మాట్లాడినది. మూడు నెలలు తిరగకముందే, మార్చి చివరలో, ధర సుమారు 11 డాలర్లకు కూలినది. కరగిన చెంచాలు మాత్రం కరగినట్లే పోయినవి. 2025 అక్టోబరులో వెండి ధర మళ్ళీ 50 డాలర్లు దాటినది. ధర పెరిగినప్పుడెల్లా ఆ ప్రమాదం క్రొత్తదవుతుంది.

పాత టీచెంచా ఒకటి సుమారు అర ఔన్సు తూగుతుంది. త్రాసులో దానికి వచ్చే ధర ఆ అర ఔన్సుదే. త్రికోణంలోని మూడు అక్షరాలకు, ఎడమప్రక్క అరుగుదలకు, ఊరు మరచిన కంసాలి పేరుకు త్రాసులో బరువు లేదు. ఆ చెంచాను నిలిపేది దాని అర్థం తెలిసిన మనిషి ఒక్కడే. ఒక చిన్న పట్టణపు ఉపాధ్యాయుడో, ఒక విద్యార్థినో పాత చెంచాపై ముద్ర చదివి, ఊరి జనన వివాహ రికార్డులతో అక్షరాలను పోల్చి చూచి, ఇది ఫలానా ఇంటి ఆడపడుచుది అని తేల్చినప్పుడు ఆ అర ఔన్సు లోహం దస్తావేజు అవుతుంది. అటుపైన దానిని కొలిమికి ఇవ్వడానికి చేయి రాదు.

తెలుగుదేశంలో కూడ పాత ఉగ్గుగిన్నెలు, వెండి కంచాలు క్రొత్త వస్తువుల కోసం దుకాణంలో మారకానికి ఇచ్చే అలవాటున్నది. అవసరం వచ్చినవారిని ఎవరూ తప్పుపట్టలేరు. ఇచ్చే ముందు ఒక్క పని మాత్రం ఎవరైనా చేయవచ్చును. అడుగున చెక్కిన పేరు చదివి, అది ఎవరిదో ఇంట్లోని వృద్ధులను అడిగి, ఒక కాగితంపై వ్రాసుకోవచ్చును. వస్తువు పోయినా ఆ పేరు మిగులుతుంది. బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయులు పిల్లలకు ఈ పని అప్పగిస్తే, చరిత్ర తమ ఇంటి వంటింటిలో కూడ ఉన్నదని వారికి మొదటిసారిగా తెలుస్తుంది.